ఇంటికీ సైటుకీ ఏ గాలి కంప్రెషర్ కొనాలి?

(వడ్రంగం, పాలిష్, ఇంటీరియర్ పనులు చేసేవారి శిక్షణ తరగతిలో చెప్పిన మాటలకు అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. బల్ల మీద మూడు మిషన్లు పెట్టాం. దగ్గర్నుంచి చూస్తేనే పనికొస్తుంది.

ముందు ఒక మాట తేల్చుకుందాం. పల్లెలో కంప్రెషర్ అంటే బోరులోంచి గాలితో నీళ్ళు పైకి తోసే మోటారు గుర్తొస్తుంది. బండ కొట్టేవాళ్ళకి ట్రాక్టరు వెనక బిగించినది గుర్తొస్తుంది. అవి రెండూ ఈరోజు మన లెక్కలో లేవు. ఒకళ్ళో ఇద్దరో ఎత్తి ఆటోలో పెట్టుకుని, మామూలు సింగిల్ ఫేజ్ కరెంటు మీద నడుపుకునే చిన్న మిషన్ల గురించే ఇప్పుడు మాట్లాడుకుంటాం.

సికింద్రాబాద్ రాణిగంజ్‌కి వెళ్ళండి, బెజవాడ ఆటోనగర్‌కి వెళ్ళండి, షాపులో మొదట అడిగేది ఒకటే: ఎన్ని హెచ్‌పీ కావాలి, ఎన్ని లీటర్ల ట్యాంకు కావాలి? ఈ రెండిట్లో ఏదీ మీ పనిముట్టు నడుస్తుందో లేదో చెప్పదు. నెయిల్ గన్ అయినా స్ప్రే గన్ అయినా దానికి కావలసింది నిమిషానికి ఇంత గాలి, ఇంత ప్రెషర్ దగ్గర. ఆ గాలి ఇవ్వగలిగితే మిషన్ పనికొస్తుంది. ఇవ్వలేకపోతే ట్యాంకు ఎంత పెద్దదైనా కాసేపటికి చతికిలబడుతుంది.

గాలిని రెండు రకాలుగా రాస్తారు. లీటర్లలో రాస్తారు, సి.ఎఫ్.ఎం. అని ఘనపుటడుగుల్లోనూ రాస్తారు. 1 సి.ఎఫ్.ఎం. అంటే నిమిషానికి 28 లీటర్ల పైచిలుకు. ప్రెషర్‌ని మనవాళ్ళు కేజీల్లో చెప్తారు, మీటరు మీద బార్ అనో పి.ఎస్.ఐ. అనో ఉంటుంది. 1 బార్ అంటే 14.5 పి.ఎస్.ఐ., కేజీకీ బార్‌కీ తేడా నూటికి రెండు వంతులే. కాబట్టి నేను కేజీ అన్నా బార్ అన్నా ఒకటే అనుకోండి.

అసలు మెలిక ఎక్కడంటే, డబ్బా మీద 7 సి.ఎఫ్.ఎం. అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది చాలాసార్లు పిస్టన్ మింగే గాలి. సిలిండర్ కొలతని పంపు నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందో ఆ లెక్కతో గుణిస్తే వచ్చే అంకె. మింగిన గాలంతా ట్యాంకులోకి పోదు. పిస్టన్ పైకి వెళ్ళాక కూడా తలకాయలో, అంటే సిలిండర్ పై మూతలో, కొంత గాలి మిగిలిపోతుంది, రింగుల పక్కనుంచి కొంత జారుతుంది, వాల్వు పళ్ళాల దగ్గర కొంత వెనక్కి వస్తుంది, వేడికి ఇంకొంత పోతుంది. చిన్న మిషన్లలో మింగినదాంట్లో 60, 65 శాతం బయటికి వస్తే మంచిదే అనుకోవాలి. ప్రెషర్ పెరిగే కొద్దీ అదీ తగ్గుతుంది. అందుకని కాగితంలో ఎఫ్.ఏ.డి. అనే మాట వెతకండి, అది మిషన్ ఇచ్చే గాలి. పక్కన ఎన్ని బార్ల దగ్గర అన్నది కూడా రాసి ఉండాలి. 6 బార్ దగ్గర ఇంత అని రాసిన కంపెనీని నమ్మొచ్చు. ఏ ప్రెషర్ దగ్గరో చెప్పకుండా ఊరికే అంకె వేస్తే, అది మింగే గాలి అనుకుని మూడో వంతుకు పైగా కొట్టేయండి.

కాగితం మీద నమ్మకం లేకపోతే షాపులోనే కొలిచి చూడొచ్చు. సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. బయటికి గాలి పోయే కొళాయి కట్టేసి మిషన్ ఆన్ చేయండి. ముల్లు 4 కేజీలు దాటగానే వాచ్ నొక్కండి, 7 దగ్గర ఆపండి. ట్యాంకు 24 లీటర్లదనుకోండి. మూడు కేజీలు పెరిగింది కాబట్టి 24ని 3తో గుణిస్తే 72 లీటర్ల గాలి లోపలికి వెళ్ళింది. దానికి నిమిషం పట్టిందంటే మిషన్ నిమిషానికి 72 లీటర్లు ఇస్తోంది, అంటే రెండున్నర సి.ఎఫ్.ఎం. 45 సెకన్లలో ఎక్కిందంటే 96 లీటర్లు, దాదాపు మూడున్నర సి.ఎఫ్.ఎం. నిమిషంన్నర పట్టిందంటే 48 లీటర్లే, దాంతో పాలిష్ పని పెట్టుకోకండి. సున్నా నుంచి ఎందుకు కొలవకూడదు? మొదట్లో ఎదురొత్తిడి ఉండదు, ఏ మిషన్ అయినా జోరుగా నింపుతుంది. మన పని జరిగేది 4, 7 మధ్యలో, అక్కడే కొలవాలి. ఈ పరీక్ష వద్దన్న షాపులో కొనకండి.

ఇంకో పరీక్షకి మిషన్ ఆన్ చేయనక్కర్లేదు. మోటారు మీది రేకు చూడండి, ఆంపియర్లు రాసి ఉంటాయి. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు, అదీ మోటారు బయటికి ఇచ్చే శక్తి. 2 హెచ్‌పీ ఇవ్వాలంటే దాదాపు 1,500 వాట్లు. నష్టాలతో కలిపి 230 వోల్టుల దగ్గర 9, 10 ఆంపియర్లకి తక్కువ లాగడం కుదరదు. రేకు మీద 5 ఆంపియర్లని ఉండి, స్టిక్కర్ మీద 2 హెచ్‌పీ అని ఉంటే స్టిక్కర్ అబద్ధం. 5ని 230తో గుణించండి, లోపలికి పోయేదే 1,150. అందులోంచి 1,500 బయటికి రాదు. 2 హెచ్‌పీ అని చెప్పి చిన్న 6 ఆంపియర్ల ప్లగ్గు బిగించి అమ్ముతున్నా అదే అనుమానం పడాలి.

ఇప్పుడు పనిముట్ల దగ్గరికి వద్దాం.

వడ్రంగులు బీడింగుకీ లిప్పింగ్ పట్టీకీ వాడే ఎఫ్-30 బ్రాడ్ గన్ చాలా తక్కువ తింటుంది. ఒక దెబ్బకి లీటరు గాలి కూడా పట్టదు. సోఫా పనివాళ్ళ 1013 స్టేప్లర్ ఇంకా తక్కువ. 24 లీటర్ల ట్యాంకులో 8 నుంచి 6 కేజీలకి దిగేలోపు 48 లీటర్ల గాలి వస్తుంది, అంటే మోటారు లేవకుండానే నలభై, యాభై మేకులు. వీటికి 500, 600 వాట్ల చిన్న మిషన్, 8, 10 లీటర్ల ట్యాంకు కూడా సరిపోతుంది. కాంక్రీటు గోడలోకి దిగే ఎస్‌టీ-64 గన్ అయితే దెబ్బకి 2, 3 లీటర్లు, ప్రెషరూ 7 దాకా కావాలి. మనిషి ఆగి ఆగి కొడతాడు కాబట్టి 24, 30 లీటర్ల మిషన్ తట్టుకుంటుంది. ఈ మేకుల గన్నులకి పెద్ద మిషన్ కొని నాలుగో అంతస్తుకి మోయడం శరీరాన్ని పాడుచేసుకోవడమే.

స్ప్రే గన్ దగ్గరికి వచ్చేసరికి లెక్క పూర్తిగా మారిపోతుంది. మేకుల గన్ గుక్కెడు గుక్కెడు తాగితే, స్ప్రే గన్ కొళాయి తిప్పినట్టు తాగుతుంది. 1.3, 1.4 మిల్లీమీటర్ల నాజిల్ ఉన్న మామూలు గన్‌కి రకాన్ని బట్టి 4 నుంచి 8 సి.ఎఫ్.ఎం. కావాలి. హెచ్‌వీఎల్‌పీ, అంటే హై వాల్యూమ్ లో ప్రెషర్, అని రాసిన గన్నులు 10 దాటి కూడా లాగుతాయి. వాటికి ప్రెషర్ తక్కువ చాలు, గాలి మాత్రం ఎక్కువ. పేరులో లో ప్రెషర్ అని చూసి చిన్న కంప్రెషర్ చాలనుకుని కొనేవాళ్ళు చాలామంది ఇక్కడే మోసపోతారు.

ఒక లెక్క వేసి చూపిస్తాను. గన్‌కి 5 సి.ఎఫ్.ఎం. కావాలి, అంటే 140 లీటర్లు. మిషన్ ఇచ్చేది రెండున్నర, 70 లీటర్లు. ట్యాంకు 50 లీటర్లు. ట్యాంకు నిండుగా 8 కేజీలతో మొదలుపెట్టారు. 6కి దిగేదాకా మోటారు లేవదు, ఆ 100 లీటర్లు ముప్పావు నిమిషంలో అయిపోతాయి. అప్పుడు మోటారు లేస్తుంది. అయినా నిమిషానికి 70 లీటర్లు తక్కువ పడుతూనే ఉంటుంది. మొత్తం మీద రెండు నిమిషాలకి ప్రెషర్ 4కి వచ్చేస్తుంది, ఇంకాసేపటికి గన్ తుంపర్లు తుంపర్లుగా కక్కుతుంది. మళ్ళీ నిండడానికి మూడు నిమిషాలు. వార్డ్‌రోబ్ షట్టర్ సగంలో ఉండగా మూడు నిమిషాలు ఆగితే అంచు ఆరిపోతుంది, అతుకు కనిపిస్తుంది. 24 లీటర్ల ట్యాంకైతే ఆ రెండు నిమిషాలు ఒక్కటే అవుతుంది. పెద్ద ట్యాంకు కొనడం వల్ల జరిగేదల్లా ఇంతే, ఆగే సమయం కాస్త వాయిదా పడుతుంది. గాలి పుట్టేది పంపులో, ట్యాంకులో కాదు.

అందుకని పాలిష్, పీయూ, డ్యూకో లాంటి స్ప్రే పూత పనులు రోజూ చేసేవాళ్ళు గన్ కాటలాగ్‌లో గాలి ఖర్చు చూసి, దానికి ఒకటిన్నర రెట్లు నిజంగా ఇచ్చే మిషన్ చూసుకోవాలి. అది మోటారు బెల్టుతో పంపుని తిప్పే పెద్ద మిషన్ అవుతుంది, చేత్తో ఎత్తేది కాదు. లేదా 3, 4 సి.ఎఫ్.ఎం.తో పనిచేసే ఎల్‌వీఎల్‌పీ (లో వాల్యూమ్ లో ప్రెషర్) గన్ గానీ, 1 మిల్లీమీటరు నాజిల్ మినీ గన్ గానీ తీసుకుని చిన్న మిషన్‌తో సర్దుకోవాలి. గోడలకి ఎమల్షన్ కొట్టడానికైతే కంప్రెషర్ వైపే చూడకండి, దానికి ఎయిర్‌లెస్ మిషన్ వేరే ఉంది, అది పెయింట్‌నే పంపుతో నెట్టి కొడుతుంది. గాలితో నడిచే శాండర్ కూడా కొనకండి. అది ఆగకుండా 8, 10 సి.ఎఫ్.ఎం. తింటుంది. కరెంటు శాండర్ చవక, పని అదే.

ఆ... ఒకరు అడుగుతున్నారు, రెండు చిన్న మిషన్లు కలిపి వాడొచ్చా అని. వాడొచ్చు, మంచి ఆలోచనే. రెండిటి గాలినీ ఒక టీ జాయింటు దగ్గర కలిపితే ఇచ్చే గాలి కూడుతుంది. ప్రతి మిషన్‌లో నాన్ రిటర్న్ వాల్వు ఉంటుంది కాబట్టి ఒకదానిది ఇంకోదాని పంపులోకి పోదు. ఒకదాని రెగ్యులేటర్ 4 మీద, ఇంకోదానిది 5 మీద పెడితే మాత్రం 5ది ఒక్కటే మోస్తుంది, రెండూ సమానంగా పెట్టాలి. రెండిటినీ ఒకే ప్లగ్గులో గుచ్చకండి, వేర్వేరు ఎంసీబీల మీద పెట్టండి. మేకుల పని ఉన్న రోజు ఒకటే తీసుకెళ్ళొచ్చు, అదొక సుఖం.

ఇంటి వాడకం సంగతి త్వరగా చెప్పేస్తాను. బండికీ కారుకీ గాలి పెట్టుకోవడమే అయితే ట్యాంకున్న కంప్రెషర్ అక్కర్లేదు. కారు టైరు లోపల 25, 30 లీటర్ల చోటు ఉంటుంది. 25 పి.ఎస్.ఐ. నుంచి 33కి పెంచడానికి 15, 16 లీటర్ల గాలి పడుతుంది. 12 వోల్టుల చిన్న ఇన్‌ఫ్లేటర్ ఒకటి రెండు నిమిషాల్లో ఎక్కిస్తుంది. 150 పి.ఎస్.ఐ. అని రాశారని మురిసిపోకండి, మీకు కావలసింది 35 లోపే. మీటరు సరిగ్గా చూపిస్తుందా లేదా అన్నది ముఖ్యం. కొన్నాక ఒకసారి పెట్రోలు బంకు దగ్గర పోల్చి చూసుకోండి. పది నిమిషాలకి మించి ఆపకుండా నడపొద్దు, ప్లాస్టిక్ డబ్బాలో వేడి పోయే దారి ఉండదు. బ్లోయింగ్ గన్‌తో దుమ్ము ఊదుకోవడం, చిన్న స్టేప్లర్ లాంటివి కూడా ఉంటే 8, 10 లీటర్ల ఆయిల్ ఫ్రీ మిషన్ చాలు.

ఆయిల్ మిషనా, ఆయిల్ ఫ్రీనా? మోసుకు తిరిగే మిషన్‌కి ఇది పెద్ద ప్రశ్న. ఆయిల్ మిషన్‌లో పిస్టన్ నూనెలో తడుస్తుంది, రింగులు ఎక్కువ కాలం వస్తాయి, అదే డబ్బుకి గాలి కాస్త ఎక్కువ. కానీ దాన్ని పడుకోబెట్టకూడదు. ఆటోలో అడ్డంగా పడేసినా, స్కూటీ కాళ్ళ దగ్గర వాల్చినా నూనె సిలిండర్ పైకి చేరుతుంది. అలాగే ఆన్ చేస్తే నూనె నలగదు కాబట్టి వాల్వు పళ్ళెం విరుగుతుంది, లేదా ఆ నూనె ట్యాంకులోకీ పైపులోకీ పోయి మీ పాలిష్ మీద పడుతుంది. ఆయిల్ ఫ్రీలో నూనె లేదు, ఎలా పెట్టినా ఫరవాలేదు. రింగు టెఫ్లాన్‌ది, అరుగుతుంది, అరిగితే మార్చుకోవాలి. అందుకే కొనేముందు ఆ మోడల్ రింగు, సిలిండర్ విడిగా దొరుకుతాయా అని అడగండి. పేరు లేని మిషన్లలో అవి దొరకవు, 200 రూపాయల రింగు కోసం మొత్తం మిషన్ మూలన పడుతుంది. రోజూ అంతస్తులెక్కే వడ్రంగికి ఆయిల్ ఫ్రీయే నా సలహా. షెడ్డులో ఒకచోట ఉండేదానికి ఆయిల్‌ది.

శబ్దం గురించి రెండే మాటలు. నిమిషానికి 2,800 సార్లు తిరిగే మోటారు అరుస్తుంది, 1,400 తిరిగేది చాలా నయం. జనం కాపురముంటున్న అపార్ట్‌మెంట్‌లో పని చేసేవాళ్ళు 1,400దే తీసుకోండి. పక్క ఫ్లాటువాళ్ళు వచ్చి పని ఆపించకుండా ఉంటారు, మీ చెవులూ మిగులుతాయి.

ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువ మిషన్లను చంపే విషయానికి వద్దాం, సైటులో కరెంటు. 1 హెచ్‌పీ మోటారు నడుస్తున్నప్పుడు 6, 7 ఆంపియర్లు లాగుతుంది. లేచేటప్పుడు ఒక్క క్షణం దానికి ఐదారు రెట్లు, 35 దాకా. కింద మీటరు బోర్డు దగ్గర్నుంచి 50 మీటర్ల వైరు, 1 చదరపు మిల్లీమీటరుది, పైకి లాగారనుకోండి. పోను రాను 100 మీటర్ల రాగి తీగ, దాని నిరోధం 1.8 ఓములు. 35 ఆంపియర్లతో గుణించండి, 60 వోల్టులకి పైగా వైరులోనే పోతాయి. మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 రావాల్సినచోట 165, 170 వస్తే బలం సగానికి పడిపోయినట్టే. మోటారు మూలుగుతుంది, తిరగదు, వైండింగ్ కాలుతుంది. అందరూ మిషన్ నాసిరకం అంటారు, తప్పు వైరుది. అదే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరైతే పోయేది 26 వోల్టులే.

వైరు కన్నా మంచి దారి ఉంది. మిషన్‌ని బోర్డు పక్కనే పెట్టి గాలి పైపుని పొడవు చేసుకోండి. 8 మిల్లీమీటర్ల లోపలి రంధ్రం ఉన్న రబ్బరు పైపు 30 మీటర్లు వేసినా, స్ప్రే గన్ 150 లీటర్లు లాగుతున్నప్పుడు పోయే ప్రెషర్ బార్‌లో మూడో వంతు. అదే స్ప్రింగులా చుట్టుకునే పీయూ పైపు, 8x5 అని రాసి ఉంటుంది, అందులో 8 బయటి కొలత, లోపల రంధ్రం 5. అదే పొడవు, అదే గాలి, దాంట్లో 3 బార్లకి పైగా పోతాయి. రంధ్రం సగానికి కాస్త పైన ఉంటే నష్టం పది రెట్లు. మేకుల గన్‌కి ఆ పైపు బాగానే ఉంటుంది, స్ప్రే గన్‌కి మాత్రం వద్దు. ప్రెషర్ చూడాల్సింది గన్ దగ్గర, ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని. ట్యాంకు దగ్గరి మీటరు అప్పుడు ఏ మాటా చెప్పదు.

ఇంటి ఇన్వర్టర్ మీద నడుస్తుందా అంటే, మామూలు 900 వీఏ ఇన్వర్టర్ 1 హెచ్‌పీని లేపలేదు. జనరేటర్ అయితే 3 కేవీఏ ఉంటే నిశ్చింత. మిషన్ ఆగినప్పుడు బుస్సుమని గాలి వదులుతుంది, విన్నారు కదా? అది లీకు కాదు. పిస్టన్ నెత్తి మీద మిగిలిన ప్రెషర్‌ని అన్‌లోడర్ వదిలేస్తోంది, మోటారు మళ్ళీ తేలిగ్గా లేవడానికి. ఆ బుస్సు రెండు సెకన్లలో ఆగాలి. ఆగకుండా సన్నగా వస్తూనే ఉంటే నాన్ రిటర్న్ వాల్వులో చెత్త పడ్డట్టు. గాలి పూర్తిగా దింపి, విప్పి, రబ్బరు ముక్క తుడిచి పెడితే సరిపోతుంది. అసలు బుస్సే రాకపోయినా, ప్లగ్గు పీకి ఆపినా మోటారు ప్రెషర్ మీద లేవాల్సి వస్తుంది, మూలుగుతుంది. అందుకే ఎప్పుడూ మిషన్ మీది స్విచ్చితోనే ఆపండి. ట్యాంకు ఖాళీగా ఉండి, కరెంటు బాగుండి కూడా మూలిగితే కెపాసిటర్ చూడండి, ఉబ్బి ఉంటుంది.

నీళ్ళ సంగతి. కాకినాడ, విశాఖ వైపు పనిచేసేవాళ్ళకి ఇది బాగా తెలుసు. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున ఘనపు మీటరు గాలిలో 24 గ్రాముల నీళ్ళుంటాయి. నిమిషానికి 100 లీటర్ల చొప్పున గంట నడిపితే 6 ఘనపు మీటర్లు, దాదాపు 145 గ్రాములు లోపలికి వెళ్తాయి. నొక్కిన గాలి అంత తేమని పట్టుకోలేదు. 120 మిల్లీలీటర్ల దాకా ట్యాంకులోనూ పైపులోనూ నీళ్ళయి దిగుతాయి. గంటకి ఒక టీ గ్లాసు. రోజూ సాయంత్రం ప్రెషర్ 1, 2 కేజీలకి దించి, అడుగు కొళాయి తిప్పి, గోధుమరంగు నీళ్ళు పోయేదాకా వదలాలి. తిప్పి వదిలేయండి, రాత్రంతా తెరిచే ఉంచితే ఇంకా మంచిది.

నీళ్ళ ఫిల్టరుని చాలామంది ట్యాంకు మూతి దగ్గరే బిగిస్తారు. అక్కడ గాలి ఇంకా వేడిగా ఉంటుంది, నీళ్ళు ఆవిరిగానే దాటిపోతాయి, పైపులో చల్లబడి గన్ దగ్గర బయటపడతాయి. కనీసం 8, 10 మీటర్ల పైపు తర్వాత, గన్ వైపు బిగించండి. పాలిష్ మీద చిన్న చిన్న గుంటలు, ఫిష్ ఐ అంటారు కదా, అవి ఎక్కువగా నూనె వల్ల. మేకుల గన్‌లో నూనె చుక్కలు వేసి వాడిన పైపుని స్ప్రే గన్‌కి తగిలించకండి, పైపులు వేరుగా పెట్టుకోండి. వానాకాలం ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లక్కర్ పూత తెల్లబారితే మాత్రం కంప్రెషర్‌ని తిట్టకండి, అది గదిలోని తేమ పని. ఆ రోజు నెమ్మదిగా ఆరే థిన్నర్ కలపాలి, లేదా ఆపాలి.

భద్రత గురించి తొందరపడకుండా చెప్తాను, ఇది వినండి. ట్యాంకు మూత అడుగు వెడల్పు ఉంది, లోపల 8 కేజీలు. ఆ మూత మీద పడే బలం ఐదున్నర టన్నులు దాటుతుంది. నీళ్ళు వదలని ట్యాంకు అడుగున లోపలినుంచి తుప్పు తింటుంది, బయటికి రంగు బాగానే కనిపిస్తుంది. పాత మిషన్ కొంటుంటే తిరగేసి అడుగు చూడండి. తుప్పు పొక్కులు గానీ, వెల్డింగ్ మాట్లు గానీ ఉంటే వదిలేయండి. చిల్లు పడ్డ ట్యాంకుకి ఎట్టి పరిస్థితుల్లోనూ వెల్డింగ్ పెట్టించొద్దు. పాత ఫ్రిజ్ కంప్రెషర్‌కి గ్యాస్ సిలిండర్ తగిలించి తయారుచేసే మిషన్ల జోలికి వెళ్ళొద్దు. సేఫ్టీ వాల్వు రింగుని నెలకోసారి లాగి చూడండి, బుస్సని వదిలి మళ్ళీ మూసుకోవాలి. అది కారుతోందని బోల్టు బిగించి మూసేయడం, ప్రెషర్ స్విచ్చి నట్టు తిప్పి 8ని 11 చేయడం, ఈ రెండు పనులూ ప్రాణాల మీదికి తెస్తాయి. గాలికి ప్లంబింగ్ పీవీసీ పైపులు వేయకండి, అవి పగిలితే గాజు పెంకుల్లా ఎగురుతాయి.

బట్టల మీది రంపపు పొట్టు గాలితో ఊదుకోవడం అలవాటైపోయింది అందరికీ. మానుకోండి. పొట్టు కంట్లో పడుతుంది, తెగిన చర్మంలోంచి గాలి లోపలికి పోతుంది. తమాషాకి తోటి పనివాడి ఒంట్లోకి గాలి పైపు పెట్టి పేగులు చిట్లి చనిపోయిన సంఘటనలు మన దేశంలో జరిగాయి. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి మొదటి రోజే ఈ మాట చెప్పండి. ఇంకొకటి, పైపునీ గన్‌నీ కలిపే కప్లర్ ఆడభాగం ఎప్పుడూ పైపుకి, మగభాగం గన్‌కి. అప్పుడు పైపు పీకగానే గన్‌లో గాలి పోతుంది. తిరగేసి బిగిస్తే పైపు లేకపోయినా గన్‌లో ఒక దెబ్బ మిగిలి ఉంటుంది. జామ్ తీద్దామని ముక్కు దగ్గర వేలు పెట్టినప్పుడు అది పేలుతుంది. ఆక్సిజన్ సిలిండర్ నుంచి గన్‌కి గాలి పెట్టడం అన్న ఆలోచనే రాకూడదు. ఆక్సిజన్‌కి నూనె తగిలితే పేలుడే.

అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన నెయిల్ గన్ మన కంప్రెషర్‌కి పనికొస్తుందా అని అడిగారు. గన్ పనికొస్తుంది, గాలికి వోల్టేజీ లేదు కదా. పైపు బిగించే చోట మర చుట్ల రకం వేరు. అక్కడి మర రకం పేరు ఎన్‌పీటీ, పావు అంగుళం సైజులో అంగుళానికి 18 చుట్లు. మన మర రకం బీఎస్‌పీ, అదే సైజులో 19 చుట్లు. రెండు చుట్లు పట్టి బిగుసుకుపోతుంది, బలవంతంగా తిప్పితే గన్ మూతి పాడవుతుంది. ఎన్‌పీటీ నుంచి బీఎస్‌పీకి మార్చే ఇత్తడి అడాప్టర్ కొనుక్కోండి. మేకులు కూడా మన దగ్గర దొరికే సైజేనా చూసుకోండి. కంప్రెషర్ మాత్రం అక్కడినుంచి తెప్పించుకోవద్దు. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ మోటారు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టులు దించినా హెర్ట్జ్ మారదు.

ఆయిల్ మిషన్ కొన్నవాళ్ళు కంప్రెషర్ ఆయిల్ పోయండి, వీజీ-100 అని ఉంటుంది. బండి ఇంజన్ ఆయిల్ వద్దు, దాంట్లోని మందులు తేమని పట్టి ఉంచుతాయి, వాల్వుల మీద మసి కడుతుంది. నూనె మట్టం చూపే కంటిగాజులో నూనె ఎర్ర చుక్క మధ్యకి ఉండాలి. మొదటిసారి 50 గంటలకి మార్చండి, తర్వాత పుస్తకంలో ఎంతుంటే అంత. ఏ మిషన్ అయినా రంపం దగ్గర పెట్టకండి. ప్లైవుడ్ పొట్టుకి ఫిల్టరు రెండు రోజుల్లో మూసుకుపోతుంది, గాలి తగ్గుతుంది, తలకాయ వేడెక్కుతుంది. గాలి వచ్చే వైపు, గోడకి అడుగు దూరంలో పెట్టండి. పది నిమిషాలు నడిస్తే పది నిమిషాలు ఆగేలా పని ఉండాలి. మోటారు అసలు ఆగకుండా తిరుగుతోందంటే ఆ మిషన్ మీ పనికి చిన్నదైందన్నమాట.

చివరగా, ఇంటికి తీసుకెళ్ళిన రోజే ఒక పని చేయండి. ఇందాక చెప్పిన 4 నుంచి 7 పరీక్ష ఇంట్లో మళ్ళీ చేసి, ఎన్ని సెకన్లు పట్టిందో పెయింట్ మార్కర్‌తో ట్యాంకు మీద రాయండి, తేదీ కూడా వేయండి. మూడు నెలలకోసారి అదే ప్లగ్గులో కొలవండి. 60 సెకన్లు పట్టింది 75 అయిందంటే ముందు ఫిల్టరు విప్పి దులపండి. మారకపోతే మిషన్ ఆపి, 7 దగ్గర ముల్లు చూస్తూ కూర్చోండి. దిగుతుంటే జాయింట్లకి సబ్బు నురగ రాసి లీకు పట్టుకోండి. ముల్లు కదలకుండా నిలబడి, నిండడం మాత్రం ఆలస్యమవుతుంటే వాల్వు పళ్ళెం గానీ రింగు గానీ అరిగింది, తలకాయ విప్పాలి. ఇదిగో, ఈ రెండో మిషన్ తల విప్పే ఉంచాం. నలుగురు నలుగురుగా రండి, అరిగిన రింగునీ కొత్త రింగునీ పక్కపక్కన పెట్టి చూపిస్తాను.